ఆరంగుళాల తొట్టికి అరెకా పామ్ ఎలా ఇచ్చారు?

కస్టమర్ కేర్ వారికి,

జూన్ మొదటి వారంలో మీ దగ్గర బాల్కనీ కాంబో తెప్పించుకున్నాను. మూడు పొడవాటి ప్లాస్టిక్ తొట్లు, పన్నెండు మొక్కలు, కొబ్బరి పొట్టు ఇటుకలు, అన్నీ కలిపి 3,460 రూపాయలు. ఇప్పుడు ఆగస్టు. పన్నెండులో పది చచ్చిపోయాయి. రెండుసార్లు మెయిల్ పెడితే రెండుసార్లూ ఒకటే జవాబు, "నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు" అని. అందుకే ఈసారి జరిగిందంతా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

మాది అమలాపురంలో మేడ మీద పోర్షన్. బాల్కనీ వెడల్పు రెండున్నర అడుగులే, పడమటి ముఖం, మధ్యాహ్నం నుంచి పొద్దుగుంకే దాకా ఎండ అక్కడే ఉంటుంది. మా అమ్మ నలభై ఏళ్లు దొడ్డి ఉన్న ఇంట్లో ఉంది. మందారాలు, నందివర్ధనం, కరివేపాకు, గట్టున అరటి, అన్నీ ఆవిడ చేత్తో వేసినవే. ఊళ్లో ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చాక పొద్దున్నే లేచి చెయ్యడానికి పనిలేక ఆ బాల్కనీలో కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేది. ఆవిడ కోసమే ఇవి కొన్నాను.

తొట్టి కొలతలు మీరు ఇచ్చినవే. మూడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఏ ఊరు, ఎండ ఏ వైపు అని కూడా అడిగారు, అన్నీ నింపాను. అవన్నీ తెలిసి మీరు ఎంచి పంపినవి నాలుగు అరెకా పామ్‌లు, నాలుగు లావెండర్లు, నాలుగు ఫైకస్‌లు.

లెక్క వేసి చూడండి. ఆ తొట్టిని అంచుదాకా నింపినా 21 లీటర్ల మట్టి పడుతుంది, తొట్టికి నాలుగు మొక్కలంటే ఒక్కోదానికి ఐదు లీటర్లు. అరెకా పిలకలు వేస్తూ గుబురుగా మనిషెత్తు దాటి పెరిగే మొక్క. ఫైకస్ మర్రి, రావి జాతిది, దాని వేళ్లకి ఆరంగుళాలు ఏం సరిపోతాయి? ఆ ఇరుకులో, ఆ ఎండలో ఆకులన్నీ రాల్చేసి పుల్లల్లా మిగిలాయి. ఇక లావెండర్ మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పొడిగాలికి, రాళ్ల నేలకి అలవాటు పడ్డ మొక్క. మా కోనసీమలో ముసురు పట్టిందంటే ఉతికిన బట్టలు రెండు రోజులకి కూడా ఆరవు, అలాంటి చోటికి దాన్ని ఎలా పంపారు? జూలై వానల్లో నాలుగూ మొదళ్ల దగ్గర నల్లబడి కుళ్లిపోయాయి. ఆ వారమంతా అమ్మ వాటికి ఒక్క చెంబు నీళ్లు కూడా పోయలేదు. నీళ్లు ఎక్కువ పోశారని ఆవిడని అంటే నాకు బాధగా ఉంది.

పైగా తొట్ల అడుగున కన్నాలకి గుర్తులే ఉన్నాయి, కన్నాలు లేవు. మేమే పొడుచుకోవాలని ఎక్కడా రాయలేదు. నీళ్లు నిలిచాక చూసుకుని మేకు కాల్చి పొడిచాం. కొబ్బరి పొట్టు సరిగా కడగకపోతే దాంట్లో ఉప్పు మిగిలిపోతుంది, మా బోరు నీళ్లు కూడా కాస్త ఉప్పనే, అరెకా ఆకుల కొసలు మాడిపోయింది అందుకేనని నా అనుమానం. ఇటుక మీద కడిగి వాడమన్న ముక్కే లేదు.

మొన్న ఆదివారం అమ్మని తీసుకుని కడియపులంక వెళ్లాను. నర్సరీలో కుర్రాడు మొక్క చూపించకముందే, "తొట్టి ఎంత వెడల్పండి? ఎండ ఏ పూట వస్తుందండి?" అని అడిగాడు. సన్నం తొట్టిలో మట్టి తొందరగా కాగిపోతుందని, వేళ్లు పైపైనే పాకేవి, ఒక పూట నీళ్లు తప్పినా ఓర్చుకునేవి వెయ్యాలని చెప్పి గడ్డి గులాబీ, వాము ఆకు ఇచ్చాడు, నీడ పడే మూలకి స్నేక్ ప్లాంట్ పెట్టమన్నాడు. మీరు కూడా అవే రెండు ప్రశ్నలు అడిగారు కదా, మరి నేను ఇచ్చిన జవాబులు ఎవరైనా చూశారా?

నాకు కావలసింది ఇది. పది మొక్కల డబ్బు వెనక్కి ఇవ్వండి. మళ్లీ అవే మొక్కలు పంపిస్తామంటే వద్దు. ఆ కాంబో పేజీలో ప్రతి మొక్క ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎంత మట్టి కావాలో, తేమ ఎక్కువున్న ఊళ్లకి పనికొస్తుందో లేదో రాయండి, కన్నాలు లేవన్న సంగతీ రాయండి. ఆన్‌లైన్ అమ్మకాలకి 2020లో వచ్చిన నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈసారి కూడా ఆ పాత జవాబే వస్తే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. ఆర్డర్ బిల్లు, ఫోటోలు ఈ మెయిల్‌తో పెట్టాను.

బతికున్న రెండు అరెకాలు తిరిగి పంపమని అడగకండి. అమ్మ వాటిని కింద మెట్ల పక్కనున్న పెద్ద సిమెంటు తొట్టిలోకి మార్చింది, ఒకటి కొత్త మొవ్వు వేసింది.

ఇట్లు,
మీ కస్టమర్,
అమలాపురం