రబ్బరు మొక్కని గోడ పక్కన నాటమని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ ఇంటితోట పేజీలో రబ్బరు మొక్క గురించి వేశారు, ఫోటో చాలా బాగుంది, కానీ చివర్లో కుండీ చాలకపోతే కాంపౌండ్ వాల్ పక్కన నేలలో నాటేసుకోవచ్చు అని ఒక్క లైన్ రాసి వదిలేశారు చూడండి, అది చదవగానే నాకు మా పాత ఇంటి డ్రైనేజీ కళ్ళముందు కనపడింది.

2011లో కడియం వైపు పెళ్ళికెళ్ళి వస్తూ ఒక నర్సరీలో కొన్నాం, మూరెడు మొక్క. రెండేళ్ళు వరండాలో బుద్ధిగానే ఉంది, తర్వాత మా ఆయన పాపం దానికి ఇరుకైపోయిందని గోడ వారగా నాటేశారు, ఇంకేముంది, ఆరేళ్ళు తిరిగేసరికి డాబా దాటిపోయింది. బాత్రూం నీళ్ళు పోవట్లేదని ప్లంబర్‌ని పిలిస్తే ఛాంబర్ మూత తీసి చూపించాడు, లోపల వేళ్ళు జడ అల్లినట్టు పైపు నిండా పట్టేసున్నాయి. "ఇది మొక్క కాదమ్మా, మర్రిచెట్టు" అన్నాడు. నిజమే కదా, మర్రి, రావి, మేడి, ఇదీ అన్నీ ఒకే జాతి. మేఘాలయలో ఖాసీలు వాగు ఒడ్డున ఈ చెట్టే పెంచి దాని ఊడల్ని అవతలి గట్టుకి సాగదీసి వంతెనలు చేసుకుంటారు, ఒక్కో వంతెన తయారవడానికి పదిహేనేళ్ళ పైనే పడుతుంది, జనం దాని మీద నడిచెళ్తారు. అలాంటి వేళ్ళకి మన పీవీసీ పైపు ఒక లెక్కా!

కుండీలో ఉంచితే మాత్రం దీనంత మంచి మొక్క లేదండి. రోజూ నీళ్ళు పోయమని మీరు రాశారు, అలా పోసే నేను రెండు చంపుకున్నాను, కింద ఆకులు పసుపుకొచ్చి టపటపా రాలిపోయి చివరికి వేరు కుళ్ళిపోయింది. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూడాలి, పొడిగా తగిలితేనే పొయ్యాలి, పళ్ళెంలో నిలిచిన నీళ్ళు పారబోయాలి. ఎత్తు పెరిగిపోతుంటే చివర కత్తిరించేస్తే పక్క కొమ్మలొస్తాయి, కాకపోతే కోసినచోట పాలు కారతాయి, చేతికి దురద, కంట్లో పడితే మంట, బట్టకి అంటితే ఇక ఆ బట్ట మసిగుడ్డే. కొత్త ఆకు ముందు ఎర్రటి తొడుగులో పండు మిరపకాయలా నిలబడుతుంది, మా ఇంటికొచ్చినవాళ్ళలో సగంమంది పువ్వు వస్తోందా అని అడుగుతారు.

ఇంకోటి, టైర్ల రబ్బరు దీన్నుంచే వస్తుందన్నారు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళు అస్సాంలో దీని తోటలు వేసిన మాట నిజమే కానీ ఇప్పుడు కేరళలో గీసేది బ్రెజిల్ నుంచి వచ్చిన వేరే చెట్టు. ఇంట్లో గాలి శుభ్రం చేస్తుందని కూడా రాశారు, 2019లో పాత పరీక్షలన్నీ కలిపి లెక్కేస్తే మామూలుగా తలుపులు కిటికీల్లోంచి ఆడే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి తక్కువలో తక్కువ పది కావాలని తేలింది, మరి మేమెక్కడ కూర్చోవాలి?

మా చెట్టు కొట్టించక తప్పలేదు. కొట్టించేముందు వానాకాలంలో మూడు కొమ్మలకి గాలి అంట్లు కట్టాను, అంగుళం మేర బెరడు తీసి, పాలు తుడిచి, తడి కొబ్బరిపొట్టు పెట్టి పాలిథీన్ కవరు చుట్టి తాడేశాను, ఐదు వారాలకి కవర్లోంచి తెల్లటి వేళ్ళు కనపడ్డాయి. అందులో ఒకటి మా ఎదురింటావిడకిచ్చాను.

దయచేసి ఈ ఆదివారమే ఆ లైన్ సరిచేసి వేయండి, ఆవిడ మీ పేపర్ చూసి ఇవాళ పొద్దున్నే గోడ పక్కన గొయ్యి తవ్వించింది.

ఇట్లు
మీ పాఠకురాలు, కాకినాడ