శాలువాలకు ఉన్న డబ్బు ఎడిటర్‌కు లేదా?

సంపాదకులకు నమస్కారం.

సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకుంటున్న కొత్త రచయితల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. కాగితం రేట్లు, కవర్ డిజైను, ఆవిష్కరణ సభ, అమ్మకాలు అన్నీ రాశారు గానీ ఎడిటింగ్ గురించి ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను తిరుపతిలో డీటీపీ పని చేస్తాను, అంటే రాతప్రతిని కంప్యూటర్లో కొట్టి అచ్చుకు పేజీలు కడతాను. కథలు, నవలలు, శతకాలు, రిటైరైన మాస్టర్ల జ్ఞాపకాలు ఎన్నో నా చేతుల మీదుగా ప్రెస్సుకు పోయాయి. వచ్చినవాళ్లు పేజీకి ఎంత అని అడుగుతారు, ఎప్పటికి అయిపోతుందని అడుగుతారు. ఎవరికైనా చూపించారా అండీ అని నేనడిగితే మా బావమరిది చదివాడు, చాలా బాగుందన్నాడు అంటారు. బావమరిది అబద్ధం చెప్పాడని కాదు. ఆయనకు మీరు తెలుసు, మీరు రాయకుండా వదిలేసిన చోట కూడా ఆయనకు మీ గొంతు వినిపిస్తుంది. విజయవాడ పుస్తకాల పండగలో స్టాలు ముందు నిలబడి నాలుగు పేజీలు తిరగేసే మనిషికి ఆ సదుపాయం ఉండదు కదా.

ఈ మధ్య ఒక నవల టైపు చేశాను. మొదట్లో నగరిలో మగ్గం నేస్తున్న నాన్న ఆరో అధ్యాయానికి వచ్చేసరికి చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా కనిపించాడు. ఎప్పుడు మారాడో, ఎందుకు మారాడో ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే, మొదట గుమాస్తా అనే అనుకున్నాను, తర్వాత మగ్గం పెట్టాను, అక్కడ మార్చడం మర్చిపోయాను అన్నారు రచయిత. పాపం, మూడేళ్లు కూర్చుని రాసిన పుస్తకం అది. నాకు కనబడింది కాబట్టి సరిపోయింది, కానీ నా కళ్లు అక్షరాల మీద, లైన్ల మీద ఉంటాయి. కథ మీద కళ్లు పెట్టి చదివే మనిషి వేరే ఉండాలి.

ప్రూఫ్ చూడటం, ఎడిటింగ్ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. యూనికోడ్‌లో (ఫోన్లలో, నెట్‌లో వాడే అక్షరాల్లో) కొట్టి తెచ్చిన ఫైలును అచ్చు పనికి వాడే అను ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు జారిపోతాయి, అవి ప్రూఫ్ చూసేవాళ్లు పట్టుకుంటారు. 'ఆమె తన రెండు కళ్ల నుంచి కన్నీళ్లు కారుస్తూ వెక్కి వెక్కి ఏడుస్తూ ఉండిపోయింది' అన్న వాక్యంలో అక్షర దోషం ఏదీ లేదు, ప్రూఫ్‌లో పాసైపోతుంది. ఎడిటర్ అయితే 'ఆమె ఏడ్చింది' చాలదా అని పక్కన రాస్తారు, ఇంకా మంచి ఎడిటర్ అయితే ఇంతకు ముందు పేజీలోనే ఏడ్చింది కదా, ఇక్కడ మళ్లీ ఎందుకు అని అడుగుతారు. ఆ ప్రశ్నకే మీరు డబ్బులిచ్చేది.

అలాగని అందరికీ ఎడిటర్ కావాలని నేను చెప్పను. షష్టిపూర్తికి బంధువులకు పంచుకునే పుస్తకమైతే మంచి ప్రూఫ్ చాలు. పేరున్న ప్రచురణ సంస్థకు పంపేవాళ్లు ముందు వాళ్ల మాట వినాలి, తీసుకుంటే వాళ్లే ఎడిట్ చేయిస్తారేమో కనుక్కోవాలి. కానీ రెండు మూడు వందల పేజీల నవలో జీవిత కథో సొంత డబ్బుతో వేసి ముక్కూమొహం తెలియనివాళ్లకు అమ్మాలనుకుంటే మాత్రం, నా మట్టుకు నేను, ఎడిటర్ లేకుండా ప్రెస్సుకు ఇవ్వొద్దనే అంటాను. డబ్బు లేదు అంటారు. కవర్‌కు మల్టీకలర్, లామినేషన్, సభకు హాలు, ఫ్లెక్సీలు, అతిథులకు శాలువాలు, టిఫిన్లు, వీటన్నిటికీ ఎక్కడినుంచో వస్తుంది. శాలువాలు రెండు తగ్గించండి, కాపీలు ఐదొందలు అనుకున్నవాళ్లు మూడొందలు వేయండి. కాపీలు అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు, ఒకసారి అచ్చయి జనంలోకి పోయిన తప్పును మాత్రం వెనక్కి తెచ్చుకోలేం.

అయితే ఎవరికి పడితే వాళ్లకు ఇచ్చేయడం అంతకంటే ప్రమాదం. మన ప్రాంతం వాళ్లకు మరీ. పల్లెలో అవ్వ మనవరాలిని "యాడికి పోతా ఉండావు మే" అని అడిగిన చోట "ఎక్కడికి వెళ్తున్నావే" అని దిద్ది పంపిన ఎడిటింగ్‌ను నేను కళ్లారా చూశాను. పుస్తకం మొత్తం అలాగే. ఆ అవ్వ నోట్లోంచి చిత్తూరు జిల్లా మొత్తం ఎగిరిపోయింది. ఆ రచయిత్రి నా దగ్గర కూర్చుని ఒక్కో మాటా వెనక్కి మార్పించుకున్నారు, డబ్బు పోయింది, టెన్షన్ మిగిలింది. అందుకని మొత్తం ఒకేసారి ఇవ్వకండి. పది పేజీలు ఇచ్చి, దానికి డబ్బు ఇచ్చి, ఏం చేసి పంపుతారో చూడండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా నున్నగా దిద్ది పంపితే వద్దు. ఇక్కడ నాకు అర్థం కాలేదు, ఈ మాట మీ ఊళ్లో ఇలాగే అంటారా అని అడిగితే వాళ్లను వదులుకోకండి. సంభాషణలు ముట్టుకోవాలంటే మీతో మాట్లాడాలని, చివరి మాట మీదేనని, ఎన్నిసార్లు చూస్తారో, ఎంత తీసుకుంటారో ముందే కాగితం మీద రాసుకోండి. ఇదంతా డీటీపీకి ఇవ్వకముందే జరగాలి. పేజీలు కట్టాక ఒక పేరా తీస్తే వెనకాల పేజీలన్నీ కదులుతాయి, ఫారాల (ఒక్కో పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల) లెక్క మారుతుంది, మళ్లీ కొత్త తప్పులు దూరతాయి.

ఇంకో సంగతి. డబ్బు తీసుకుని పుస్తకం వేసిపెట్టేవాళ్లు 'ఎడిటింగ్‌తో కలిపి' అని ప్యాకేజీలు చెబుతుంటారు, అందులో ఎడిటింగ్ అంటే ఏం చేస్తారో గట్టిగా అడగండి. కొందరు ఐఎస్‌బీఎన్‌కు, అంటే ఒక్కో పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే నంబరుకు కూడా వేలు అడుగుతున్నారు. మన దేశంలో ఆ నంబరును కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ డబ్బు మిగిల్చి ఎడిటర్‌కు ఇవ్వండి.

ఎడిటర్ దగ్గరికి వెళ్లడం నామోషీ అనుకునేవాళ్లకు మన ఊరి సంగతే గుర్తుచేస్తాను. రాగి రేకుల మీది అన్నమయ్య కీర్తనలు పుస్తకాలుగా మన చేతికి వచ్చాయంటే సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు ఏళ్ల తరబడి కూర్చుని చదివి పరిష్కరించబట్టే. పాత గ్రంథాన్ని పరిష్కరించడం, కొత్త నవలను ఎడిట్ చేయడం వేరు వేరు పనులని నాకు తెలుసు. కానీ ఇంకొకరి రచన ముందు అంత ఓపికగా, అంత గౌరవంగా కూర్చోవడం రెండింటికీ కావాలి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, ఇన్ని ఉన్నాయి మన చుట్టూ. తెలుగు ఎంఏ పిల్లలకు పుస్తకం ఎడిటింగ్‌ను ఒక పనిగా నేర్పితే వాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, మన యాస తెలిసిన ఎడిటర్లు మనకే దొరుకుతారు.

మీ పత్రికకు ఒక విన్నపం. పుస్తక సమీక్షల కింద పేజీలు, వెల, ప్రతులకు అని వేస్తారు కదా, ఎడిటర్ పేరు ఉంటే అది కూడా వేయండి, లేకపోతే లేదని వేయండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
తిరుపతి