మిగిలిన బిర్యానీ మా కుక్కలకు వద్దండీ

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. పెళ్లిలో మిగిలిన బిర్యానీని గుండిగలతో ఆటోలో తెచ్చి, కుక్కల షెల్టర్‌లో వడ్డిస్తున్న కుటుంబం. కింద ‘మూగజీవాలకు విందు’ అని రాశారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కాకపోతే అలాంటి విందుల మర్నాడు పొద్దున్నే బకెట్టూ చీపురూ పట్టుకునే వాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరయ్యాను. మధ్యాహ్న భోజనం రిజిస్టరు ఏళ్ల తరబడి రాశాను. ప్రైమరీ పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, అప్పర్ ప్రైమరీకి 150. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మూడేళ్లుగా రాజమండ్రి దగ్గర ఒక చిన్న షెల్టర్‌లో వారానికి నాలుగు రోజులు వంట చేస్తున్నాను. అరవై కుక్కలు, ఇరవై దాకా పిల్లులు. చేరిన రోజే ‘ఒక్కో కుక్కకి ఎంత?’ అని అడిగాను. ‘ఎంత వస్తే అంత మేడమ్’ అన్నాడు అక్కడి కుర్రాడు.

ముందు బిర్యానీ సంగతి. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల ఒంట్లో ఎర్ర రక్తకణాలను చంపేస్తాయి. పిల్లులకైతే ఇంకా ప్రమాదం. రోడ్డు మీద నుంచి వచ్చిన కుక్కల్లో చాలావాటికి అప్పటికే గోమార్లు పట్టి, వాటి వల్ల రక్తం తగ్గిపోయే టిక్ ఫీవర్ వచ్చి ఉంటుంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. అసలే రక్తం లేని ప్రాణికి మనం వేయించిన ఉల్లిపాయలు పెడుతున్నాం. ఇక ఉడికిన కోడి ఎముక విరిగితే సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుంది. నూనె, మసాలా సంగతి మర్నాడు షెల్టర్ నేలే చెబుతుంది.

మేం వండేది చప్పిడి వంట. ఏడెనిమిది కిలోల బియ్యం, చికెన్ కొట్టు నుంచి పన్నెండు కిలోల మెత్తటి మాంసం, కందనకాయలు, కాస్త లివర్, నాలుగు గుమ్మడికాయ ముక్కలు. ఎముక ఏరేశాకే గిన్నెలో పడాలి. ఈ పనికి ఇద్దరు ఆడవాళ్లకి గంట పడుతుంది. దించాక కోడిగుడ్డు పెంకుల పొడి కలుపుతాం, కిలో వంటకి ఒక చెంచా. అన్నం, మాంసం మాత్రమే తిని పెరిగే కుక్కపిల్లలకి కాల్షియం చాలక ముందుకాళ్లు విల్లులా వంగిపోతాయి. బడి నుంచి తెచ్చుకున్న పాత నల్లబల్ల ఒకటి గోడకి పెట్టాను. ప్రతి సోమవారం బియ్యం బస్తాలు తూచే కాటా మీద కుక్కల్ని నిలబెట్టి బరువు రాస్తాం. నిలబెట్టడం అని రాశాను గానీ అది ఒక కుస్తీ.

ఇవన్నీ తెలిసిపోయి మొదలుపెట్టలేదు. ఒక తప్పు నా చేతులతోనే జరిగింది. అద్దెకున్న వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ పెరట్లో గొలుసుతో వదిలేసి వెళ్లిన లాబ్రడార్ ఒకటి వచ్చింది. ముప్పై కిలోలు తూగాల్సింది, కాటా మీద పదిహేను. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నాకు కడుపు తరుక్కుపోయింది. పెద్ద పళ్లెం నిండా పెరుగన్నం పెట్టాను. ఆవురావురుమని తిని, నా చీర కుచ్చిళ్లు నాకింది. సాయంత్రం మళ్లీ పెట్టాను. మూడో రోజు పొద్దున కాళ్లు లేవలేదు, రొప్పు మొదలైంది, మధ్యాహ్నానికి పోయింది. డాక్టరు గారు నన్ను తిట్టలేదు. ‘అమ్మా, ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోతాయి, గుండె తట్టుకోలేదు’ అన్నారు. అలాంటి వాటికి మొదటి రోజు కావలసిన దాంట్లో పావు వంతు, అదీ అయిదారు విడతలుగా, అన్నం తక్కువ, గుడ్డు, మాంసం ఎక్కువ. పూర్తి తిండికి రావడానికి నాలుగైదు రోజులు. నల్లబల్ల పైభాగాన అదే రాసి పెట్టాను. ఆ లైను ఎవరూ చెరపరు.

రెండో తప్పు పార్వో విషయంలో. అది కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. దయగల వాళ్లు రాత్రిపూట అట్టపెట్టెలో కుక్కపిల్లల్ని పెట్టి గేటు దగ్గర వదిలి వెళ్తారు. నిరుడు వానాకాలంలో అలా వచ్చిన నాలుగింటిని జాలిపడి లోపలి కుక్కపిల్లలతో కలిపేశారు. వారం తిరిగేసరికి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు. ఫినాయిల్ బకెట్లకి బకెట్లు పోశారు. పార్వో వైరస్ ఫినాయిల్‌కి చావదు, నెలల తరబడి మట్టిలో అలాగే ఉంటుంది. ముందు మలం అంతా రుద్ది కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచాలి. పైగా ఫినాయిల్ పిల్లులకి విషం. పాదాలు నాక్కుంటాయి కదా. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఏ ప్రాణినైనా రెండు వారాలు వేరు గదిలోనే ఉంచుతాం. వేరు గిన్నె, వేరు చెప్పులు, వేరు చీపురు.

పిల్లుల గురించి ఎవరూ అడగరు. పాలన్నం పడేస్తే బతుకుతాయని అనుకుంటారు. టారిన్ అనే పదార్థం ముఖ్యంగా మాంసం, చేపల్లో ఉంటుంది. అది అందకపోతే పిల్లికి చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే, భయపడిన పిల్లి తినదు. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. కుక్కల అరుపులు వినిపించే గదిలో ఒక పిల్లి మూడు పూటలు చేప ముట్టలేదు. పళ్ల మార్కెట్ నుంచి ఆపిల్ పెట్టె తెచ్చి, ఒక పక్క కన్నం చేసి లోపల పెట్టాం. తెల్లారేసరికి పళ్లెం ఖాళీ.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధికుక్కల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించి షెల్టర్లలో ఉంచాలని, తిరిగి అక్కడే వదలొద్దని చెప్పింది. బడి ఆవరణలో పిల్లల్ని కుక్క కరిస్తే ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆ ఆదేశంతో నాకు పేచీ లేదు. కానీ మా పక్క పట్టణంలో షెల్టర్ ప్లాన్ చూపించిన మీటింగుకి వెళ్లాను. రేకుల షెడ్డు ఉంది, కంచె ఉంది, బోర్డు కూడా ఉంది. వంటగది లేదు, వేరు గది లేదు. తిండి సంగతేంటని అడిగితే ‘ఫంక్షన్ హాళ్లలో మిగిలింది తెప్పిస్తాం మేడమ్, ఖర్చుండదు’ అన్నారు. ఆ ఖర్చుండని అన్నమే మీ ఫొటోలో ఉన్నది.

ఇప్పటికైనా ఆ ప్లాన్‌లో ఒక పొయ్యి, రెండు వారాల గది, వారానికి రెండుసార్లు వచ్చే పశువైద్యుడు, కుక్క బరువుని బట్టి తిండి లెక్క చేర్చమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

పెళ్లివారికి ఒక మాట. మీరు బిర్యానీని మనుషులకే పంచండి. షెల్టర్‌కి ఒక ట్రే పచ్చి గుడ్లు, ఒక బియ్యం బస్తా పంపండి, లేదా నాలుగు కుక్కపిల్లల టీకాల ఖర్చు ఇవ్వండి. అవీ వీలుకాకపోతే మీ ఇంట్లో గుడ్డు పెంకులు మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచి, ఎండబెట్టి తెచ్చినా చాలు. మిక్సీ మా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం