ఇంజిన్ విప్పే ముందు ఒక్క ఉదయం వినండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మదనపల్లె. నేను దర్జీ పని చేస్తాను. మూడేళ్ల కిందట నా భర్త చనిపోయాక ఆయన నడిపిన డీజిల్ పికప్ నా పేరు మీదికి మారింది. 2009 మోడల్, నాలుగు సిలిండర్ల బండి. డ్రైవరును పెట్టుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి టమాటా క్రేట్లను మార్కెట్ యార్డుకు, అప్పుడప్పుడు కోలారు మీదుగా బెంగళూరుకు తోలిస్తున్నాను. ఇద్దరు పిల్లల చదువు ఆ బండి మీదే నడుస్తోంది. ఆ బండిని పోగొట్టుకోవడానికి ఎంత దగ్గరగా వెళ్లానో చెప్పి, నాలాంటి వాళ్లు జాగ్రత్త పడతారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చలికాలం మొదట్లో ఇంజిన్‌లో టిక్కుటిక్కుమని ఒక శబ్దం మొదలైంది. డ్రైవరు దగ్గరలోని షెడ్డుకు తీసుకెళ్లాడు. ఇంజిన్‌లో గాలికీ పొగకూ దారి తెరిచే వాల్వులను నొక్కే టాపెట్లు వదులయ్యాయని చెప్పి బిగించి 600 రూపాయలు తీసుకున్నారు. శబ్దం అలాగే ఉంది. మరో షెడ్డులో బానెట్ ఎత్తి, రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కించి, "బేరింగ్ కొడుతోందమ్మా, ఇంజిన్ దించాల్సిందే" అన్నారు. 65 వేలు అవుతుందని డ్రైవరుతోనే మాట్లాడారు. యజమానిని నేను ఎదురుగా నిలబడి ఉన్నా నా వైపు చూసి చెప్పింది ఇంజిన్ దించాలన్న ఆ ఒక్క మాటే. పదిహేనేళ్లు దాటిన బండికి అంత పెట్టే బదులు తుక్కు కింద అమ్ముకోవడం మేలని సలహా కూడా ఇచ్చారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

నేను ఇరవై ఏళ్లుగా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నాను. షటిల్‌లో దారం ముక్క ఇరుక్కున్నా, సూది వంగి ప్లేటుకు తగిలినా చూడకుండానే చెవికి తెలుస్తుంది. మా బండి శబ్దం కూడా నా చెవిలో పడింది. తెల్లవారుజామున ఇంటి ముందు స్టార్ట్ చేసినప్పుడు గట్టిగా ఉంటుంది. మధ్యాహ్నం యార్డు నుంచి తిరిగి వచ్చేసరికి దాదాపు వినబడదు. ఈ సంగతి రెండు షెడ్లలోనూ ఎవరూ అడగలేదు. నేను చెప్పబోతే వినలేదు. రెండు చోట్లకూ బండి వేడిగానే వెళ్లింది. చల్లని ఇంజిన్‌ను ఎవరూ స్టార్ట్ చేసి చూడలేదు.

మా చిన్నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఫోనులో ఈ మాట చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే: "పొద్దున ఎక్కువ, వేడెక్కితే తక్కువా? ఖాయంగా చెప్పు తల్లీ." ఖాయమే అన్నాను. "అయితే రేపు నేను వచ్చేదాకా తాళం తిప్పొద్దు" అన్నారు. మర్నాడు అయిదున్నరకు, మంచు ఇంకా విడవకముందే వచ్చారు.

ముందు ఆయిల్ కడ్డీ తీసి తుడిచి మళ్లీ ముంచి చూశారు. ఆయిల్ రెండు గీతల మధ్యనే ఉంది. స్టార్ట్ చేయించి, డాష్‌బోర్డులోని ఎర్ర ఆయిల్ దీపం వెంటనే ఆరిందా లేదా చూశారు. ఆరింది. అప్పుడు నాకు వివరించారు. ఇంజిన్ ఇరుసును మోసే బేరింగ్ పోతే శబ్దం టిక్కుమని పలచగా ఉండదట, లోపలి నుంచి సుత్తితో కొట్టినట్టు బరువుగా వస్తుందట. ఇంజిన్ వేడెక్కి ఆయిల్ పలచబడేకొద్దీ, లోడు ఎక్కేకొద్దీ అది పెరుగుతుంది. మా బండిది వేడికి తగ్గుతోంది. ఆ ఒక్క తేడా తోనే 65 వేల మాట మీద ఆయనకు అనుమానం వచ్చింది.

తర్వాత ఇంజిన్ ఆపించి ఫ్యాన్ బెల్టు తీసేశారు. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి మళ్లీ స్టార్ట్ చేయించి, ఒక్క నిమిషం తిప్పి ఆపేశారు. బెల్టు లేకపోతే నీళ్ల పంపు తిరగదు కాబట్టి అంతకంటే ఉంచకూడదు. ఇలాంటి పాత డీజిల్ బండ్లలో చాలావాటికి కరెంటు పుట్టించే, బెల్టుతోనే తిరిగే ఆల్టర్నేటర్ వెనుక, బ్రేకు తేలిగ్గా పడేందుకు గాలి లాగి వాక్యూమ్ ఇచ్చే చిన్న పంపు ఉంటుంది. దాని రెక్కలు అరిగితే అచ్చం టాపెట్ కొట్టినట్టే వినిపిస్తుందట. బెల్టు తీసినా మా శబ్దం పోలేదు. అంటే పంపు కాదు, ఆల్టర్నేటర్ కాదు. బెల్టు మళ్లీ తొడిగారు.

ఇక టాపెట్లు. ఇంజిన్ ఇరుసు రెండు చుట్లు తిరిగితే వాల్వులను ఎత్తే క్యామ్ ఇరుసు ఒక్క చుట్టే తిరుగుతుంది. బండి నిలబడి ఉండగా ఇంజిన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 400 సార్లే తెరుచుకుంటుంది. మా టిక్కు కూడా ఆ లెక్కలోనే ఉందని చిన్నాన్న చెవితోనే చెప్పారు. అయితే పొగ ఒక సిలిండర్ నుంచి బయటికి వచ్చేది కూడా రెండు చుట్లకు ఒకసారే. ఆ పొగ ఎక్కడైనా కారినా ఇదే లెక్కలో టిక్కుమంటుంది, కాబట్టి లెక్క కుదిరినంత మాత్రాన టాపెట్టే అనుకోకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారట.

అది తేల్చడానికి ఆయన, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు వెళ్లే డీజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా కొద్దిగా వదులు చేసి, విని, మళ్లీ బిగించారు. అలా చేస్తే ఆ సిలిండర్‌లో మంట ఆగిపోతుంది. మంట ఆగినా టాపెట్ శబ్దం మారదు. మొదటి మూడింటికీ టిక్కు అలాగే ఉంది. క్యాబిన్ వైపు చివరిదైన నాలుగో దాని నట్టు వదిలించగానే దాదాపు ఆగిపోయింది. ఇక్కడ నా విన్నపం: ఇది మా బండిలాగా పాత రకం పంపు ఉన్నవాటికే. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందే కొత్త కామన్ రైల్ ఇంజిన్లలో ఈ పని చచ్చినా చేయకండి. వాటి పైపుల్లో వెయ్యి బార్లకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడి ఉండొచ్చు. చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యే తీసేయాల్సి రావచ్చు.

అప్పుడు ఆయన నన్ను తెల్లదారం అడిగారు. నా డబ్బాలోంచి జానెడు నూలు దారం ఇచ్చాను. దాన్ని ఒక పుల్లకు కట్టి, ఫ్యాన్‌కు తగలకుండా, ఇంజిన్ పైభాగమైన హెడ్డుకూ పొగగొట్టం మొదలైన మానిఫోల్డుకూ మధ్య ఉన్న అతుకు వెంట మెల్లగా జరిపారు. నేను టార్చి పట్టుకున్నాను. మూడో సిలిండర్ దాకా దారం కదలలేదు. నాలుగో దాని కింద టిక్కుమన్నప్పుడల్లా దారం కొన ఎగిరింది. శబ్దానికీ దారానికీ తాళం కలిసినట్టు కదిలింది. కొద్ది క్షణాల్లోనే ఆ కొన నల్లబడింది. ఆ పక్కనే ఇనుము మీద కాటుక గీసినట్టు మసి చార ఉంది. ఇంజిన్ ఆపి, ఇనుము చల్లారాక చేతితో తడిమి చూస్తే అక్కడి స్టడ్డు, అంటే మానిఫోల్డును హెడ్డుకు పట్టి ఉంచే బోల్టు, విరిగి ఉంది. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఇనుము సాగి ముడుచుకుంటుంది కాబట్టి పాత బండ్లలో చివరి స్టడ్లు ఇలా విరుగుతుంటాయట. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ టిక్కుమని తంతుంది, వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ అన్నదానికి అర్థం ఇదే.

బాగు చేయడానికి ఒక పూట పట్టింది. విరిగిన స్టడ్డు మొన మీద వెల్డింగుతో ఒక నట్టు అతికించి, దానితో తిప్పి బయటికి తీశారు. కొత్త స్టడ్డు, మానిఫోల్డు ప్యాకింగు, వెల్డింగు కూలి అన్నీ కలిపి 1,900 రూపాయలు అయ్యాయి.

కానీ అంతకంటే నన్ను బాధపెట్టినవి రెండున్నాయి. మా డ్రైవరు అంతకుముందు రెండు నెలలుగా తలనొప్పి అంటున్నాడు. రాత్రి లోడ్లకు నిద్ర చాలక అనుకున్నాను. కారిన పొగ క్యాబిన్‌లోకి వస్తోందని మాకు తోచలేదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. అద్దాలు ఎత్తుకుని చలిలో బెంగళూరు దాకా వెళ్లిన రాత్రులు తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. రెండోది, మొదటి షెడ్డులో టాపెట్లు అసలు సందు లేకుండా బిగించేశారు. టాపెట్‌కు, వాల్వుకు మధ్య దళసరి కాగితమంత సందు ఉండి తీరాలి. అది లేకపోతే శబ్దం రాదు సరే, కానీ వాల్వు పూర్తిగా మూసుకోక అంచు కాలిపోతుంది. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజిన్ మీద చిన్నాన్న, బండి పుస్తకంలో ఉన్న కొలత ప్రకారం, సందు కొలిచే పలచటి రేకు ఫీలర్ గేజీ పెట్టి మళ్లీ సరిచేశారు. ఇంకో నెల అలాగే తిప్పి ఉంటే ఇంజిన్ నిజంగానే దించాల్సి వచ్చేదన్నారు.

ప్రతి టిక్కూ చిన్నదే అని నేను అనడం లేదు. ఆయిల్ దీపం మినుకుమంటున్నా, శబ్దం బరువెక్కి లోడులో పెరుగుతున్నా బండిని అక్కడే ఆపి లాక్కెళ్లాలి తప్ప షెడ్డు దాకా నడపకూడదు. శబ్దం అణచడానికి చిక్కటి ఆయిల్ పోసే వాళ్లున్నారు, అది కూడా నమ్మవద్దు.

షెడ్ల వారితో నాకు పగ లేదు, అందుకే పేర్లు రాయడం లేదు. నేను అడిగేది ఇంతే. ఇంజిన్ దించాలని చెప్పే ముందు బండిని ఒక రాత్రి షెడ్డులో ఆపి, ఉదయం యజమాని ముందే స్టార్ట్ చేయండి. ఏయే పరీక్ష చేశారో, ఏది కాదని తేలిందో బిల్లు వెనుక రెండు మాటలు రాసి ఇవ్వండి. యజమాని ఆడమనిషి అయినా ఆమెతోనే మాట్లాడండి. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు చెప్పే గురువులకు కూడా ఒక మనవి: విప్పడం, బిగించడం నేర్పేటప్పుడు పిల్లలను ఒక చల్లని ఇంజిన్ పక్కన కళ్లు మూసుకుని నిలబెట్టి, ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పించండి. మా చిన్నాన్నకు డెబ్బై దాటాయి. ఎవరైనా పిలిస్తే వచ్చి చూపిస్తానని ఈ ఉత్తరంలో రాయమన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మదనపల్లె