ఆ స్త్రీల కథ గిలటిన్‌తోనే ముగియలేదు

సంపాదకులకు,

ఆర్యా,

ఫ్రెంచి విప్లవంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. రొట్టెల కోసం 1789 అక్టోబరులో పారిస్ ఆడవాళ్లు రాజు కొలువున్న వెర్సాయికి నడిచివెళ్లిన ఘట్టాన్ని వ్యాసకర్త కళ్లకు కట్టారు. అయితే కులీన స్త్రీల సంగతికి వచ్చేసరికి ఎత్తయిన సిగలు, నగలు, ఆపైన తల నరికే యంత్రం గిలటిన్ అంటూ సరిపెట్టడం చూసి బాధ కలిగింది. నేను కూడా చాలా ఏళ్లు తరగతిలో అలాగే చెప్పాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కులీన నొవాయ్ వంశపు ఆడపడుచు ఆద్రియెన్‌కు 1774లో, పద్నాలుగేళ్లకే, తర్వాత విప్లవం తొలి నాయకుల్లో ఒకడైన సేనాని లఫాయెత్‌తో పెళ్లయింది. 1792లో భర్త దేశం విడిచి ఆస్ట్రియన్లకు బందీగా చిక్కిన తర్వాత, అదే ఏడాది వచ్చిన విడాకుల చట్టాన్ని ఆస్తి నిలుపుకోవడానికి వాడుకున్న భార్యలు చాలామంది ఉన్నా, ఆమె మాత్రం అర్జీల మీద 'లఫాయెత్ భార్య' అనే సంతకం చేసింది. ఆమె పారిస్ జైల్లో ఉండగానే, 1794 జులై 22న, నాయనమ్మనూ తల్లినీ అక్క లూయిజ్‌నూ ఒకేరోజు గిలటిన్‌కు పంపారు. వారికి ముందే మాట ఇచ్చిన ఒక మతగురువు మారువేషంలో బండి వెంట నడిచి, ఉరుములతో కురుస్తున్న వానలో చెయ్యెత్తి పాపవిమోచన ప్రార్థన చదివితే, వాళ్లు తలలు వంచి అందుకున్నారు. మరో ఐదు రోజులకు, ఆ మరణశిక్షల పాలనకు నాయకుడైన రోబెస్పియెర్ పతనమయ్యాడు.

1795లో విడుదలైన ఆద్రియెన్ సురక్షితమైన చోటు వెతుక్కోలేదు. వియన్నాకు వెళ్లి చక్రవర్తి అనుమతి పొంది, ఇద్దరు కూతుళ్లతో సహా ఆస్ట్రియన్ల అధీనంలోని ఓల్‌ముట్జ్ కోటలో భర్త ఖైదును పంచుకుంది. ఒళ్లు వాచి జబ్బుపడ్డప్పుడు, చికిత్సకు వెళితే తిరిగి రానివ్వబోమన్నారు; ఆమె వెళ్లలేదు. కాగితం దొరకని ఆ గదిలో, పళ్లు కుట్టుకునే పుల్లను కలంగా చేసుకుని, ఒక పుస్తకం అంచుల్లో తన తల్లి జీవితచరిత్ర రాసింది. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆ స్త్రీలను నగల బొమ్మలుగా తలచుకోవడం నా వల్ల కాలేదు.

వారి వంశాల సుఖం రైతుల పన్నుల మీద నిలిచిందన్నది నిజమే, దాన్ని దాచమని నేను అనను. కానీ లెక్క కూడా సరిగా చెప్పాలి. 1794 జూన్, జులై నెలల్లో గిలటిన్‌కు బలై పారిస్‌లోని పిక్‌పూస్ గోతుల్లో పూడ్చబడిన 1306 మందిలో స్త్రీలు 197 మంది. అందులో కులీనులు 51 మంది, సన్యాసినులు 23 మంది కాగా, మిగిలిన 123 మంది సామాన్య కుటుంబాల స్త్రీలు. ఆద్రియెన్ తల్లి, అక్క, నాయనమ్మ వీళ్లందరితో కలిసి ఆ మట్టిలోనే ఉన్నారు. 1807లో కన్నుమూసిన ఆద్రియెన్ సమాధి కూడా ఆ గోతుల పక్కనే ఉంది.

వ్యాసం రెండో భాగం వస్తుందని ప్రకటించారు కనుక, అందులో పిక్‌పూస్‌కూ, ఆ 123 మందికీ, ఓల్‌ముట్జ్ గదికీ చోటివ్వాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు,
కాకినాడ