తరగతి వీడియోల గురించి

అందరికీ నమస్కారం. ఒకరి పాఠం ఒకరు చూసి మాట్లాడుకోవడానికి ఈ వారం మన టీచర్ల గ్రూపుకు తమ తరగతి వీడియోలు పంపిన సార్లకు, మేడమ్‌లకు థ్యాంక్స్.

దేవరకొండ వైపు బడి నుంచి వచ్చినది మాత్రం తప్పకుండా చూడండి. మేడమ్ పద్యం చదివి, "కవి ఇక్కడ ఎవరితో మాట్లాడుతున్నాడు?" అని అడిగి ఊరుకున్నారు. మూడో వరుసలో ఒక పాప పక్కమ్మాయితో లంబాడీలో ఏదో అంది, ఇద్దరూ పుస్తకంలోకి చూసుకున్నారు, ఆ తర్వాతే చేయి లేచింది. జవాబు పూర్తి వాక్యంలో వచ్చింది! పాఠం చెప్తున్నప్పుడు ఇలాంటివి మన కంటపడవు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని అమెరికా సైన్సు క్లాసులు పరిశీలించిన మేరీ బడ్ రో 1970ల్లోనే చెప్పారు. తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంకాస్త ఎక్కువే కావాలని నా అభిప్రాయం.

బీఈడీలో మైక్రో టీచింగ్, అంటే కొద్ది నిమిషాల చిన్న పాఠం చెప్పి అందరి సలహాలు తీసుకోవడం, మనమందరం చేసిందే. అక్కడ మార్కుల టెన్షన్ ఉండేది, ఇక్కడ అదేమీ లేదు. కాబట్టి "సూపర్ సార్" అని దండం బొమ్మ పెట్టి వదిలేయకండి. ఏ నిమిషంలో ఏ పిల్లవాడు ఏం చేశాడో రాయండి, పంపినవాళ్లకు అదే పనికొస్తుంది.

పాఠమంతా వద్దు, ఐదారు నిమిషాలు చాలు. ఫోన్ కిటికీకి ఎదురుగా పెట్టకండి, పిల్లల ముఖాలు నల్లగా పడతాయి. హెచ్ఎం గారు, తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే తీయండి. ఇవి వేరే గ్రూపులకు, స్టేటస్‌లకు అస్సలు వెళ్లకూడదు.

మిర్యాలగూడ, నకిరేకల్ వాళ్లు ఇంకా పంపలేదు. శనివారం లోపు ఎవరైనా ఒకరు పంపండి, వ్యాకరణం పాఠమైతే మరీ మంచిది.