తాటిముంజలమ్మే అమ్మకి

రాత్రి పదిన్నరైంది. నాన్న ఇప్పుడే నిద్రపోయారు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి గానీ, ఇది రాయకుండా పడుకోలేను.

నాన్నకి వారానికి 3 సార్లు డయాలసిస్. ఈరోజు విశాఖ మహారాణిపేటలో ఆస్పత్రి సెల్లార్ నిండిపోయిందంటే కారు రోడ్డు వారగా పెట్టి లోపలికెళ్లాం. ఒంటిగంటన్నరకి నాన్నని వీల్‌చైర్‌లో బయటికి తెచ్చేసరికి కుడివైపు వెనక డోరు సొట్టపోయి ఉంది. సైడు అద్దం ఊడిపోయి వైర్లు వేలాడుతున్నాయి. గుద్దినవాళ్లు లేరు. ఫోన్ నంబరు రాసిన చీటీ ముక్కయినా లేదు. "ఏమైందమ్మా?" అని నాన్న అడుగుతుంటే నాకు నోట మాట రాలేదు.

అప్పుడు చెట్టు కింద నుంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. తాటిముంజలు అమ్ముకునే ఆవిడ. "ఈ కారు నీదేనేటమ్మా? నీకోసమే కూకున్నాను. తెల్లకారోడు రాసుకుంటా గుద్దీసి ఎలిపోనాడు. కేకేసినాను, ఆగనేదు." అని ఒక తాటాకు ముక్క చేతిలో పెట్టింది. దానిమీద ముంజల కత్తి మొనతో గీసిన నాలుగు అంకెలు. "అంకెలొచ్చు గానీ అచ్చరాలు రావమ్మా, అందుకే ఎనకాల నాలుగే రాసినాను" అంది, తప్పు తనదే అయినట్టు.

ఆవిడ సరుకు పదకొండుకే అమ్ముడైపోయింది. ఆనందపురం వైపు వెళ్లే బస్సు వదిలేసుకుంది. రెండున్నర గంటలు, ఈ మే నెల ఎండలో, ముక్కూ మొహం తెలీని నాకోసం. "నేనెల్లిపోతే నువ్వు ఎవుల్ని అడుగుతావు?" అంది. పగిలిన అద్దం పెంకులు ఎవరి కాళ్లకీ గుచ్చుకోకుండా ఏరి పక్కకి పోసింది. ఊడిన అద్దం డొప్పని తన గంపలో తడి గోనెపట్టా కింద దాచింది. అది తీసి ఇస్తుంటే నేను నడిరోడ్డు మీద ఏడ్చేశాను. ఈ ఎనిమిది నెలల్లో నాన్న ముందు ఎప్పుడూ ఏడవలేదు.

డబ్బులిస్తే చెయ్యి వెనక్కి లాక్కుంది. పైగా మాకోసం ఉంచిన నాలుగు ముంజలు ఇచ్చింది. నాన్న నీళ్లు కూడా కొలుచుకుని తాగాలని చెప్తే, "ఒక్కటైనా తినకూడదేటి?" అని బాధపడింది. నాన్న సగం తిన్నారు. ఆవిడ పేరు అడగలేదు నేను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మా వారు షిఫ్టు మధ్యలో వచ్చి నాన్నని ఇంటికి చేర్చారు. తమ్ముడు డబ్బు పంపాడు.

ఇక ఫిర్యాదు. లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కి వెళ్తే ట్రాఫిక్ స్టేషన్ అన్నారు. అక్కడికెళ్తే "దెబ్బలేం తగల్లేదు కదమ్మా, ఇన్సూరెన్స్ ఉంటుంది కదా" అన్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ మనిషికి దెబ్బ తగిలితేనే అనలేదు, ఆస్తి పాడైనా డ్రైవరు 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలంది. ఆ మాట నేను గుర్తు చెయ్యాల్సొచ్చింది. ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేస్తే మూడేళ్లుగా జాగ్రత్తగా నడిపి సంపాదించుకున్న 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, పోతుంది. ఎవడో గుద్ది పారిపోతే ఆ నష్టం నాకెందుకు? హిట్ అండ్ రన్ పరిహారం మనిషి చనిపోతేనో, తీవ్రంగా గాయపడితేనో ఇస్తారు. బండికి కాదు. కోపంగానే రాస్తున్నాను, క్షమించండి.

రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 సిరీస్ వచ్చాక వెనకాల నాలుగంకెలతో బండిని పట్టుకోలేం. ఎదురుగా ఉన్న మందుల షాపు కుర్రాడు తన కెమెరా గంటసేపు వెనక్కి తిప్పి, అంకెలు సరిపోయిన తెల్లకారుని పట్టుకుని, అక్షరాలు కూడా చదివి రాసిచ్చాడు. తాటాకు మీది అంకెలు లేకపోతే ఏ తెల్లకారని వెతికేవాడు? చివరికి రెండో స్టేషన్‌లోనే ఒక హెడ్ కానిస్టేబుల్ గారు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఫిర్యాదు రాయించుకుని రశీదు ఇచ్చారు. ఆయనకీ నమస్కారం.

అయ్యో, వేలాడే వైర్లకి టేపు చుట్టి పైసా తీసుకోని ఆటో అన్నయ్య, నాన్నని మళ్లీ లోపలికి తీసుకెళ్లి ఏసీలో పడుకోబెట్టిన సిస్టర్ గారు, మీకు కూడా.

ఎల్లుండి మళ్లీ డయాలసిస్ ఉంది. ఆ చెట్టు కిందకే ముందు వెళ్తాను. ఆవిడ ఎవరికైనా తెలిస్తే, పేరు మాత్రం నేనే అడుగుతాను, నేను వెతుకుతున్నానని ఆవిడతో చెప్పండి.

వీల్‌చైర్ తోసిన వార్డ్‌బాయ్ తమ్ముణ్ణి మర్చిపోయాను. థాంక్స్ తమ్ముడూ.